హిట్లర్ దొరుకుతాడు, పొలియాకోవ్ దొరకడు

జనవరి వస్తే బెజవాడ పుస్తక మహోత్సవంలో హిట్లర్ ఆత్మకథ కనిపించకుండా ఉండదు. తెలుగులోనూ ఉంది. ఏలూరు రోడ్డు దుకాణాల్లో దాన్ని వ్యక్తిత్వ వికాసం పుస్తకాల మధ్య సర్దేస్తారు. కొనే కుర్రాళ్లకు యూదులంటే కోపమేమీ లేదు. పట్టుదల నేర్పుతాడని ఎవరో చెప్పి ఉంటారు. (చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే దళిత కుటుంబాలున్న సంగతి వాళ్లలో ఎందరికి తెలుసో!) అమ్మేవాళ్లతో మాకు పేచీ లేదు. ఆ విషం గుట్టు విప్పిన చరిత్రకారుడు పొలియాకోవ్ తెలుగులో మా కంటబడలేదన్నదే బాధ.

లియోన్ పొలియాకోవ్ 1910లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. అప్పటికి లియో టాల్‌స్టాయ్ పోయి వారం కూడా కాలేదు. బిడ్డకు ఆయన పేరే పెట్టారు. పెరిగింది ఫ్రాన్సులో, చదివింది లా. యుద్ధంలో జర్మన్లకు చిక్కి తప్పించుకున్నాడు. పారిస్‌కు విముక్తి దొరికాక అక్కడి గెస్టపో దస్త్రాలు ఆయన పనిచేసే యూదు పత్రాల కేంద్రానికి చిక్కాయి. నాజీ నేతల న్యూరెంబర్గ్ విచారణలో ఫ్రెంచి బృందానికి తోడ్పడ్డాడు. 1951లో వచ్చిన తొలి పెద్ద పుస్తకంలో హంతకులే సాక్షులు: వాళ్ల ఉత్తర్వులు, ఉత్తరాలు, లెక్కలు.

తనలాంటి యూదులను ఎందుకు చంపాలనుకున్నారు? అది తేల్చుకోవడానికి 1955 నుంచి 1977 దాకా యూదు ద్వేషం చరిత్రను నాలుగు సంపుటాలుగా రాశాడు. మధ్యలో, 1971లో, ఆర్య జాతి అనే కట్టుకథ మీద ఇంకో పుస్తకం. సంస్కృతానికీ యూరప్ భాషలకూ ఉన్న చుట్టరికాన్ని పండితులే రక్తసంబంధం చేశారు. మన దగ్గర తెనాలి సూతాశ్రమంలో కవి త్రిపురనేని రామస్వామి చౌదరి ఆర్యుల మీద కత్తి దూశారు గానీ, జాతి అనే లెక్కను మాత్రం అలాగే ఉంచారు. ఆ లెక్కే తప్పంటాడు పొలియాకోవ్.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది 1968 నాటి మూడో సంపుటం. అది వోల్టేర్‌తో మొదలై వాగ్నర్ దాకా నడుస్తుంది. చర్చిని చీల్చి చెండాడిన వోల్టేర్ యూదుల మీద ఎంత రోత వెళ్లగక్కాడో అందులో ఉంది. మతం పోతే ద్వేషమూ పోతుందని పటమట నుంచి చీరాల దాకా మన హేతువాదులు ఎన్ని సభల్లో చెప్పలేదు! నాలుగూ ఒక్కసారే తేలేకపోతే ఈ మూడోదే ముందు తెలుగులోకి రావాలి. ఆ పని ఏ హేతువాద ప్రచురణ సంస్థో చేస్తే మరీ మంచిది.