ఇంట్లోనే ఉంటుంది కదా!

2020 మార్చి 25న దేశమంతా గడప లోపలికి చేరింది. మన రాష్ట్రంలో బడులు అంతకు కొద్ది రోజుల ముందే మూతపడ్డాయి. అంగన్‌వాడీలూ ఆ బాటే పట్టాయి. ఆ కాలపు నష్టాన్ని మనం పోయిన కూలితో, పెరిగిన అప్పులతో కొలిచాం. పిల్లల సంరక్షణకు పట్టిన గంటలు ఎవరి పనిలోంచి తెగిపోయాయో మాత్రం అడగలేదు.

అప్పటి విశాఖ జిల్లాలోని, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరం వంటి చిన్న పట్టణంలో మన కుటుంబం ఎలా బతుకుతుందో పాఠకులకు తెలియనిది కాదు. తండ్రి ఆటోనో, తోపుడు బండినో నమ్ముకుంటాడు. తల్లి ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. ముస్లిం శ్రామిక మహిళల్లో దాదాపు 70 శాతం మంది ఇంటి నుంచే పనిచేస్తున్నారని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. అయినా ఆమె పని మనకు పనిగా కనబడదు. "ఇంట్లోనే ఉంటుంది కదా!" అంటాం.

ఆ మాటలోనే చిక్కంతా ఉంది. బడి మూసిన నాడు ఆటో ఆగితే దానిని నిరుద్యోగమన్నాం. ఒడిలో రెండేళ్ల బిడ్డ, పక్కన ఒకే ఫోన్ కోసం పోట్లాడే పెద్ద పిల్లలు ఉండగా మిషన్ ఆగితే దానికి పేరే లేదు. గడువుకు అందని జాకెట్టుతో పోయిన బేరం మళ్లీ తిరిగి రాదు.

జాతీయ గణాంక సంస్థ 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఇది మహమ్మారికి ముందటి లెక్క. లాక్‌డౌన్ తొలి నెలలో పురుషుల ఇంటిపని పెరిగిందనీ, ఆగస్టు నాటికి చాలావరకు మళ్లీ తగ్గిపోయిందనీ, అప్పటికి తిరిగి ఉపాధి పొందే అవకాశం పురుషుల కన్నా స్త్రీలకే తక్కువగా ఉందనీ ఆర్థికవేత్త అశ్విని దేశ్‌పాండే చూపారు. అంటే మన అబ్బాలకు బిడ్డను ఎత్తుకోవడం రాక కాదు; బజారు తెరవగానే ఆ పని తమది కాదనుకున్నారు. దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, కుటుంబ సేవలో ఉండేవారని హజ్రత్ ఆయిషా (ర) బదులిచ్చారు. ఈ హదీసును ప్రసంగాల్లో వింటాం, ఇంటికొచ్చి టీ అడుగుతాం.

తండ్రుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. కేంద్ర ప్రభుత్వోద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవుంది. ప్రైవేటు కొలువులో ఉన్నవానికి చట్టం ఒక్కరోజూ ఇవ్వదు. భార్య ఆసుపత్రి పాలైన కూలివాడు బిడ్డను చూసుకుంటే ఆనాటి కూలి పోయినట్టే.

మూసిన అంగన్‌వాడీల విషయంలో ప్రభుత్వం చేసిన పొరపాటు ఆలోచించదగ్గది. గుడ్లు, పాలు, బియ్యం ఇళ్లకు పంపింది. అది మంచి పనే. కానీ తల్లికి అంగన్‌వాడీ ఇచ్చేది తిండి ఒక్కటే కాదు, కాసేపు ఖాళీ చేతులు కూడా. ఆ రెండోది సరుకుల సంచీలో రాలేదు. చట్టాలూ అంతే. 30 మందికి మించి స్త్రీలున్న చోట శిశుగృహం ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 2017 నాటి ప్రసూతి ప్రయోజన సవరణ 50 మంది ఉద్యోగులున్న సంస్థలకు దానిని తప్పనిసరి చేసింది. ఉపాధి హామీ పనుల వద్ద ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురుంటే వారిని చూసేందుకు ఒక మహిళను పెట్టాలన్నారు. ఇంట్లో మిషన్ తొక్కే మన అక్కకు యజమానీ లేడు, పనిస్థలమూ లేదు. ఏ చట్టమూ ఆమె గుమ్మం దాకా రాదు.

ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలను చూసే శిశుగృహాలకు కేంద్రం 'పాల్నా' పేరుతో నిధులిస్తోంది. మన షాదీఖానాలు పెళ్లిళ్లు లేని రోజుల్లో తాళం వేసి ఉంటాయి. ఆ హాలులో ఒక గది ఇస్తామని కమిటీ పెద్దలు తీర్మానం రాసి, ఐసీడీఎస్ ప్రాజెక్టు కార్యాలయానికి అర్జీ పెట్టాలి. ఆ అర్జీ మీద మొదటి సంతకాలు తండ్రులవి కావాలి.