పింఛను అప్పు కింద పోకూడదు

ఆసరా పింఛను 2014లో మన రాష్ట్రంలో మొదలైంది. 2019 నుండి వృద్ధులకు, వితంతువులకు నెలకు 2,016 రూపాయలుగా అందుతూ వచ్చింది. జహీరాబాదు చుట్టుపక్కల ఎన్నో ఇళ్లకు రేషను బియ్యం తరువాత ఆధారం అదే. అదే ఖాతాకు పాత పంట రుణం ముడిపడి ఉంటే వచ్చిన సొమ్ము అప్పుకే జమ అవుతుందేమో అన్నది పేదల భయం. ఆ భయం ఊహ కాదు. రైతుబంధు డబ్బును కొన్ని బ్యాంకులు ఆపుకున్నాయని రైతులు మొరపెట్టగా, అలా చేయవద్దని ప్రభుత్వమే చెప్పవలసి వచ్చింది.

"ఐ.పి. పెడితే ఒంటిమీద బట్ట కూడా మిగలదు" అనుకునేవారు మనలో ఉన్నారు. చట్టం అలా చెప్పడం లేదు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం 28వ సెక్షన్ ప్రకారం, సివిల్ ప్రొసీజర్ కోడ్ జప్తు నుండి మినహాయించిన ఆస్తి అప్పులవారికి చెందదు. ఆ కోడ్ 60వ సెక్షన్‌లో కట్టుబట్టలు, వంటపాత్రలు, చేతిపని పనిముట్లు, కూలివాని కూలి, ప్రభుత్వోద్యోగి పింఛను ఉన్నాయి. అయితే ఆసరా పేరు అందులో లేదు. ఉద్యోగం చేసినవాని పింఛనుకు ఉన్నంత స్పష్టమైన రక్షణ, కూలి చేసి ముసలిదైన తల్లి పింఛనుకూ ఉండాలి. 2016 దివాలా స్మృతిలో చిన్న అప్పులవారికి కొత్త ఆరంభం ఇచ్చే అధ్యాయం ఉన్నా, అది ఇంకా అమలులోకి రాలేదు. ఈ రెండూ మన ప్రజాప్రతినిధులను అడగవలసినవి.

తీసుకున్న అప్పు తీర్చవద్దని మేము చెప్పడం లేదు. అప్పుచేసి తీర్చనివానిని 37వ కీర్తన భక్తిహీనుడనే అంటున్నది. కాని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము అప్పిచ్చినవానికీ హద్దు గీసింది. పిండి విసిరే తిరగలిని, విధవరాలి వస్త్రాన్ని తాకట్టుగా తీసుకోరాదు. బాకీ ఉండవచ్చు, బ్రతుకు మాత్రం తాకట్టు కాదు.

ఆ మాట బ్యాంకులకే కాదు. వడ్డీకి ఇచ్చి, వితంతువు ఏటీఎం కార్డును, పాసుబుక్కును దగ్గర పెట్టుకున్నవారు మన బల్లలమీద కూర్చుంటే, ప్రభురాత్రి భోజనానికి ముందే వాటిని తిరిగి ఇచ్చివేయాలి.

పింఛను ఆగినవారు మొదట బ్యాంకుకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజులలో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చు. 14448కు ఫోను చేసి వివరాలు అడగవచ్చు. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో వకీలు సహాయం ఉచితం. చదువురాని తల్లికి ఆ కాగితం వ్రాసిపెట్టడం మన యౌవనస్థుల పరిచర్య కావాలి.