పాపం జ్ఞా!

2018 ఫిబ్రవరిలో మన అక్షరం ఒకటి ఐఫోన్లని పడగొట్టింది. జ్ఞా! మెసేజ్‌లో అది వస్తే చాలు, యాప్ క్రాష్.

నిజానికి మామూలు జ్ఞా వల్ల ఏమీ కాదు. జ, పొల్లు, ఞ, దీర్ఘం: నాలుగు కోడ్‌పాయింట్లు, అంతే. క్రాష్ చేసినదాంట్లో దీర్ఘానికి ముందు, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి దూరింది. దాన్ని గీయలేక యాపిల్ కోడ్ చేతులెత్తేసింది. ఐఓఎస్ 11.2.6 వచ్చాక గానీ సర్దుకోలేదు. బెంగాలీకీ ఇదే గొడవ.

"తెలుగు కాంప్లెక్స్ స్క్రిప్ట్ కదా" అని నెపం లిపి మీదకి తోసేస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2011 లెక్కల్లోనే 8 కోట్ల పైచిలుకు మంది మాతృభాష అండి ఇది. టెస్ట్ చేయకపోవడం అక్షరం తప్పా?

సరే, మన సంగతి? స్ట్రింగ్ రివర్స్ ప్రోగ్రామ్ అందరం రాశాం. దానికి "జ్ఞానం" ఇచ్చి చూడండి. సున్నా ముందుకొచ్చి గాల్లో వేలాడుతుంది. లెన్ అడిగితే, రెండక్షరాల మాటకి పైథాన్ 6 అంటుంది.

మా మినీ ప్రాజెక్ట్‌లో టెస్ట్ పేర్లన్నీ జాన్, ఏబీసీ123. నేను తెలుగులో ఒకటి పెడితే "ఎవడ్రా తెలుగులో కొట్టేది?" అన్నాడు మా టీమ్‌మేట్.

మా అమ్మమ్మ కొడుతుంది. రోజూ, వాట్సాప్‌లో.