జ్వరం లేని యాంటీబయాటిక్

బరంపురంలో మా అక్కయ్య మూడేళ్ల మనవడికి తిన్నది కిందికి దిగక ఒకటే వాంతులు. పరీక్షలన్నీ చేసి డాక్టరుగారు ఎరిత్రోమైసిన్ రాశారు. "జ్వరమే లేదు, యాంటీబయాటిక్ దేనికిరా?" అని ఫోనులో అక్కయ్య.

లెక్కల మనిషిని గనుక ముందు మోతాదే అడిగాను. 1952లో వచ్చిన ఈ మందు క్రిములను చంపాలంటే కిలో బరువుకు రోజుకు 30 నుంచి 50 మిల్లీగ్రాములు కావాలి. ఇక్కడ పూటకు కిలోకు 3 మాత్రమే. అంత కొద్దిలో అది మోటిలిన్ అనే హార్మోనులా పనిచేసి జీర్ణాశయాన్ని కదిలిస్తుందట.

పక్కింటివారు తమ పదిరోజుల పసిగుడ్డుకు ఆ సీసాలోంచే కాస్త అడిగారట. వద్దంటే వద్దన్నాను. పుట్టిన రెండు వారాల్లోపు ఇస్తే జీర్ణాశయపు మూతి కండరం మందమై ఆపరేషను దాకా పోయే ప్రమాదముంది. గుండె లయ తప్పే భయమూ లేకపోలేదు.

వారాలు గడిచేకొద్దీ గుణం తగ్గవచ్చునని, మనవణ్ణి నెల తిరక్కుండా మళ్లీ తీసుకురమ్మన్నారు.