కోస్ట్ గార్డ్ డైరెక్టర్ జనరల్ గారికి జనగామ నుంచి

అయ్యా,

సముద్రం లేని జిల్లా నుంచి రాస్తున్నాను. మా ముదిరాజులకు, గంగపుత్రులకు వేట హద్దు చెరువు కట్టే, కంటికి కనబడుతుంది. అరేబియా సముద్రంలో గీత కనబడదు. సర్ క్రీక్ దగ్గరైతే ఆ గీత ఎక్కడన్నది భారత్, పాకిస్తాన్‌ల మధ్య ఇంకా తేలనే లేదు.

2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల్ని హద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుంది. 20 మంది వాఘా దాటి వచ్చేసరికి 2020 జనవరి 6. అన్ని నెలలూ కరాచీ జైలే.

పరాయి పడవల్ని ఆపడానికి మీకు 1981 చట్టం ఉంది. మన పడవను సమయానికి వెనక్కి మళ్లించడం మాత్రం గస్తీ కాదా? నా దృష్టిలో అదే ముందు పని.

లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్ల పథకాన్ని ప్రధాని 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రారంభించారు. అవి హద్దు దగ్గరపడితే హెచ్చరిస్తాయి. వెరావల్, ఓఖా పడవల్లో అవి పనిచేస్తున్నాయో లేదో మీ నౌకలు నడిసముద్రంలోనే తనిఖీ చేయాలి. హెచ్చరిక తెలుగులోనూ రావాలి, పడవలో కూలికెళ్లేది మనవాళ్లే కదా! పడవ ఎక్కినవాళ్ల పేర్లు రేవు వదలకముందే శ్రీకాకుళం, విజయనగరం కలెక్టర్లకు చేరాలి. ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలు మార్చుకునే ఖైదీల జాబితా కోసం ఇంటివాళ్లు కాచుక్కూర్చునే గతి పట్టకూడదు.

ఇట్లు,
జనగామ పౌరుడు