మన ఇంటి లెక్క: వెనుక కూర్చొనేవాళ్ళ బండి

ఈ సంచికకు బంగారం మీద అప్పుల గురించి రాద్దామని కాగితాలు సర్దుకొని కూర్చొన్నాను. ఇంతలో బాగేపల్లి నుంచి మా చెల్లెలు ఫోను చేసింది.

"అన్నా, పిల్లోడు బండి కొంటానంటా వుండాడు. నువ్వు బ్యాంకులో వుండావు గదా, ఏది మంచిదో చూసి చెప్పు" అంది.

బ్యాంకులో పని చేసేవాడికి లోకంలోని సమస్త వస్తువుల గురించీ తెలిసి వుంటుందని మావాళ్ళ నమ్మకం. నేను బి.కాం. చదివినవాణ్ణి. ఇంజనుకూ నాకూ వున్న పరిచయం కిక్కు కొట్టడం వరకే. అయినా ముప్పయ్యేళ్ళుగా బండ్లకు అప్పులు రాసిన చెయ్యి గనుక కాదనలేకపోయాను.

మా మేనల్లుడిది బాగేపల్లికి ఇవతల ఒక పల్లె. చిక్కబళ్ళాపురంలో ల్యాబు టెక్నీషియన్‌గా ఉద్యోగం దొరికింది. పోను 35, రాను 35, రోజుకు 70 కిలోమీటర్లు. డ్యూటీ దిగేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. ఆ వేళకు హైవేలో బస్సులున్నా, వాళ్ళ పల్లె లోపలికి పోయే బస్సు వుండదు. బండి లేకపోతే ఉద్యోగమే లేదన్నమాట. మా చెల్లెలు ఒక ఆవును అమ్మి ముందు కట్టాల్సిన డబ్బు సిద్ధం చేసింది.

ఆదివారం ఇద్దరూ చిక్కబళ్ళాపురం మా ఇంటికి వచ్చారు. వాడి మనసు 160 సి.సి. బండి మీద వుంది. వాళ్ళమ్మ మనసు అన్నిటికన్నా తక్కువ ధర దాని మీద వుంది. ఇద్దరూ కలిసి నన్నడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే: "మైలేజీ ఎంత ఇస్తాది?"

మన దేశంలో ఈ ప్రశ్నకు పెద్ద చరిత్రే వుంది. మా నాన్నగారి కాలంలో స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూసేవారు. 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చాక, కొద్ది పెట్రోలుతో ఎక్కువ దూరం పోవచ్చని జనానికి అర్థమయింది. 1994లో స్ప్లెండర్ వచ్చింది. అప్పటినుంచీ మధ్యతరగతి యింట్లో మోటారు సైకిలంటే మైలేజీయే.

సరే, ముందు ఆ లెక్కే చూద్దాం. నెలకు 25 రోజుల చొప్పున మా వాడు ఏడాదికి 21,000 కిలోమీటర్లు తిరగాలి. లెక్క సులువుగా వుండడానికి లీటరు పెట్రోలు వంద రూపాయలు అనుకొందాం. లీటరుకు 60 కిలోమీటర్లు పోయే బండికి ఏడాదికి 350 లీటర్లు, అంటే 35,000 రూపాయలు. 40 మాత్రమే పోయే బండికి 525 లీటర్లు, 52,500 రూపాయలు. తేడా 17,500. వాడి కొత్త జీతంలో ఇది చిన్న మొత్తం కాదు. 160 సి.సి. బండి ఆశ ఈ లెక్కతోనే సగం చల్లారింది.

కానీ ఇంకో సంగతి కూడా గమనించాలి. 60 ఇచ్చే బండికీ 65 ఇచ్చే బండికీ మధ్య తేడా ఏడాదికి 27 లీటర్లే. నెలకు 225 రూపాయలు. షోరూముల్లో మనం గంటల తరబడి వాదించేది ఈ 225 రూపాయల కోసం!

నేను ఇలా కాగితం మీద గీతలు గీస్తూంటే వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "బ్రేకులెట్లుంటాయో అడిగినారా?"

నా పెన్ను ఆగిపోయింది.

ఇక్కడ పాఠకులకు ఒక పాత సంగతి చెప్పుకోవాలి. 1997లో నేను చింతామణి బ్రాంచిలో వుండగా ఒక సెకండ్ హ్యాండు బండి కొన్నాను. మైలేజీ చూసుకొన్నాను, ధర చూసుకొన్నాను. కొన్నాళ్ళకు మెకానిక్కు "వెనుక బ్రేకు షూలు అరిగినాయి సార్, మార్చాల" అన్నాడు. వచ్చే నెల చూద్దామన్నాను. గురుపూర్ణిమకు మా ఆవిడను వెనుక కూర్చోబెట్టుకొని కైవారం తాతయ్య మఠానికి బయలుదేరాను. దారిలో హంపు ఒకటి ఆలస్యంగా కనబడింది. బ్రేకు తొక్కితే బండి ఆగలేదు. నాకు మోకాలు గీరుకుపోయిందంతే. పక్కకు తిరిగి కూర్చొన్న మా ఆవిడ ఎగిరి రోడ్డు మీద పడి మణికట్టు విరగ్గొట్టుకొంది. చలికాలంలో ఆ చెయ్యి ఇప్పటికీ చపాతీ పిండి పిసకనివ్వదు. "కుక్క అడ్డమొచ్చింది" అని అందరికీ చెప్పాను. ఆవిడకూ అదే చెప్పాను.

అందుచేత ఆ ఆదివారం లెక్క మళ్ళీ మొదటినుంచి వేశాం. బండి నడిపేవాడు ఒకడే గానీ వెనుక కూర్చొనేవాళ్ళు ఎందరో. తల్లి, రేపు భార్య, ఆ తర్వాత బిడ్డ. షోరూములో మాత్రం వాళ్ళను ఎవరూ కూర్చోబెట్టి చూడరు. మేము చూశాం. ఏమేమి చూశామో వరుసగా రాస్తాను, మీకూ పనికి వస్తుంది.

మొదటిది సీటు. నడిపేవాడి రెండు పాదాలూ నేలకు ఆనాలి. స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, 2023లో వచ్చిన హోండా షైన్ 100ది 786. మనవాళ్ళ ఎత్తుకు ఇవి సరిపోతాయి. బరువు కూడా చూడండి. స్ప్లెండర్ 112 కిలోలైతే షైన్ 100 సుమారు 99 కిలోలు. సందుల్లో తిప్పడానికీ స్టాండు వేయడానికీ తేలిక బండి సుఖం.

రెండవది వెనుక భాగం. పట్టుకొనే కడ్డీ, పాదం పెట్టుకొనే మెట్టు, చీర చక్రంలో పడకుండా గార్డు వుండాలి. వెనుక చక్రం సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ వుండాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 123వ నియమం. అందం కోసం దాన్ని ఊడదీయించే కుర్రవాళ్ళు వున్నారు. వాళ్ళ అమ్మలు చీరలు కట్టుకొంటారని మరచిపోతారు కాబోలు. మా చెల్లెల్ని వెనుక ఎక్కించి రెండు హంపులు దాటించి తెచ్చాం. 160 సి.సి. బండి మీద కూర్చొని దిగి, "ఇది నాకు కాదబ్బా, అటక మీద కూర్చొన్నట్లుంది" అంది.

మూడవది బ్రేకు. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. 2019 ఏప్రిల్ నుంచి అమలైన నియమం ప్రకారం 125 సి.సి. దాటిన బండికి ఎ.బి.ఎస్. వుండాలి. ఆ లోపు వాటికి కనీసం రెండు చక్రాల బ్రేకులూ కలిసి పట్టే ఏర్పాటు వుండాలి. ఊళ్ళో తిరగడానికి డ్రమ్ము బ్రేకు చాలు. రాత్రిపూట లారీల మధ్య తిరిగేవాడికి ముందు చక్రానికి డిస్కు వుంటే మేలు.

నాలుగవది రోడ్డు. వంద సి.సి. బండికి సుమారు 8 హార్స్ పవర్ వుంటుంది. చింతామణిలోనో శిడ్లఘట్టలోనో బజారుకు, బడికి, పట్టుగూళ్ళ మార్కెట్టుకు తిరిగేవాళ్ళకు అది బంగారం లాంటి బండి. ఇంకోటి కొనమని చెప్పను. అయితే 44వ నంబరు హైవే మీద ఇద్దరితో రోజూ పోయేవాడికి, లారీని దాటాలంటే కాస్త సత్తువ కావాలి. అందుకని 125 సి.సి. దగ్గర ఆగాం.

అయిదవది మరమ్మతు. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్. 6 బండ్లే అమ్ముతున్నారు. కార్బురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షను వచ్చింది. పాత బండికి లాగా రిజర్వు మలుపు వుండదు. ట్యాంకు అడుగంటే దాకా నడపకండి. ఇంటికి దగ్గరలో ఆ కంపెనీ సర్వీసు వుందో లేదో కొనక ముందే చూసుకోండి.

ఇక నాకు తెలిసిన విద్య, అప్పు. షోరూములో కూర్చొన్న ఒక ఫైనాన్సు కుర్రవాడు "పది శాతమే సార్, ఫ్లాటు" అన్నాడు. మా చెల్లెలి ముఖం వెలిగింది. 60,000 రూపాయలకు మూడేళ్ళు పది శాతం ఫ్లాటు అంటే వడ్డీ 18,000, నెల కంతు 2,167. అదే పది శాతం తగ్గుతున్న బాకీ మీద అయితే కంతు 1,936, మొత్తం వడ్డీ 9,700 లోపు. అంటే ఆ ఫ్లాటు పది నిజానికి దాదాపు 18 శాతం! "ఫ్లాటా, రెడ్యూసింగా?" అని ఒక్క మాట అడగండి. ఎక్స్ షోరూము ధర, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, సామాన్లు విడివిడిగా చీటీ మీద రాయించుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సి.సి. లోపు బండ్లకు జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధర చెబితే వినకండి.

ఇన్సూరెన్సులో ఒక మెలిక వుంది. కొత్త బండికి అయిదేళ్ళ థర్డ్ పార్టీ తప్పనిసరి. అదొక్కటే తీసుకొంటే వెనుక కూర్చొన్న మనిషికి రక్షణ లేదు. 2006లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ప్యాకేజీ పాలసీ తీసుకోండి. అలాగే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా, లైసెన్సు వుండి బండి నడిపే యజమానికే వర్తిస్తుంది. మా చెల్లెలు ఆవు అమ్మిన డబ్బు గనుక బండి తన పేర నుండాలంది. "నీ పేర వుంటే వాడికి ఏదైనా అయితే ఆ బీమా పనికిరాదమ్మా" అని చెప్పి వాడి పేరే రాయించాను.

చివరికి ముందు డిస్కు వున్న 125 సి.సి. బండి తీసుకొన్నాం. పేరు రాస్తే ప్రకటన అవుతుంది గనుక రాయను. షోరూము వాళ్ళు ఇవ్వవలసిన హెల్మెట్టు అడిగి తీసుకొన్నాం. రెండోది ఐ.ఎస్.ఐ. గుర్తున్నది నేను కొనిచ్చాను, మా చెల్లెలికి. "నాకెందుకన్నా, జనం నవ్వుతారు" అంది. "నవ్వితే నవ్వనీ" అని మా ఆవిడ తానే దాని పట్టీ బిగించింది.

వాళ్ళు పోయాక మా ఆవిడతో అన్నాను: "ఆ రోజు కుక్క అడ్డం రాలేదు. బ్రేకు షూలు అరిగినాయని నాకు ముందే తెలుసు."

"తెలుసు" అంది. "నేను కట్టుతో ఇంట్లో వుండంగానే ఆ మెకానిక్కు వచ్చి చెప్పిపోయినాడు."

ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదన్నాను. "మీరు చెబుతారేమోనని చూసినాను" అని లోపలికి పోయింది.

ఆ షూల ధర ఆనాడు తొంభై రూపాయలు. నా ఉద్యోగంలో ఎన్నో లెక్కలు సరిచూశాను గానీ ఇది సరి కాలేదు. మీ ఇంట్లో బండి వుంటే, ఈ పత్రిక మూసిన వెంటనే ఒకసారి బ్రేకులు చూపించండి. బంగారం సంగతి వచ్చే సంచికలో.