జాలి, సానుభూతి, అనుకంప



మొన్న మా మనుమరాలు ఒక ప్రశ్న వేసింది. "తాతయ్యా, సింపతీని తెలుగులో ఏమంటారు? ఎంపతీని ఏమంటారు?" రెండింటికీ 'సానుభూతి' అని చెప్పి తప్పించుకోబోయాను. "అయితే రెండూ ఒకటేనా?" అన్నది. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు బోధించినవాణ్ణి, వెంటనే బదులు చెప్పలేకపోయాను. ఆ తడబాటే ఈ నాలుగు మాటలకు కారణం.

ముందు ఇంగ్లీషు సంగతి చూద్దాం. పిటీ అనే మాటకు మూలం లాటిన్ 'పియెటాస్'. దైవభక్తిని చెప్పే పయిటీ కూడా దాని తోబుట్టువే. పుట్టుక అంత గొప్పదైనా, నేటి వాడుకలో పిటీ పైనుండి కిందికి చూసే చూపు. మన 'జాలి'కి దగ్గర. ఇక సింపతీ గ్రీకు నుండి, కంపాషన్ లాటిన్ నుండి వచ్చాయి. విడదీసి చూస్తే రెండింటికీ అర్థం ఒకటే, కలిసి బాధపడటం. వాడుకలో మాత్రం సింపతీ ఓదార్పు దగ్గర ఆగవచ్చు. కంపాషన్‌లో ఆ బాధను తీర్చాలనే పూనిక కూడా ఉంటుంది. వ్యుత్పత్తి ఒకటైనంత మాత్రాన అర్థం ఒకటి కానక్కరలేదు.

ఎంపతీ వీటన్నిటికంటే పిన్నది. చూపరి తన అనుభూతిని కళారూపంలోకి ప్రసరింపజేయడాన్ని 1873లో రాబర్ట్ విషర్ అనే జర్మన్ పండితుడు 'ఐన్‌ఫ్యూలుంగ్' అన్నాడు. కార్నెల్ విశ్వవిద్యాలయంలోని మనస్తత్వ శాస్త్రవేత్త టిచెనర్ 1909లో దానికి ఎంపతీ అనే ఆంగ్లరూపం కల్పించాడు. అంటే, ఈ భావన కళాచర్చలో పుట్టి, తరువాత మనుషుల మధ్యకు వచ్చింది. అలంకారశాస్త్రం చదివినవారికి వెంటనే 'సహృదయుడు', 'తాదాత్మ్యం' గుర్తుకు వస్తాయి. అయితే తాదాత్మ్యంలో తనను తాను మరచిపోవాలి. ఎంపతీలో ఎదుటివాని బాధ మనకు తెలుస్తూనే, అది అతనిదన్న ఎరుకా ఉంటుంది. కనుక ఆ మాట అతకదు.

కొందరు ఎంపతీకి 'సహానుభూతి' అంటున్నారు. 'స' అన్నా 'సహ' అన్నా ఒకటే కదా అని పండితుడిగా నాకు మొదట అభ్యంతరం తోచింది. కాని పైన చెప్పిన ఇంగ్లీషు జంటే దానికి సమాధానం. అసలు చిక్కు వేరే ఉంది. సానుభూతి, సహానుభూతి చెవికి ఒకేలా వినబడతాయి. వాడుకలో కలిసిపోతాయి.

నా ఓటు 'అనుకంప'కు. నిఘంటువులు దీనికి దయ అనే అర్థం చెబుతాయి, నిజమే. అయినా నేటి వాడుకలో దాదాపు ఖాళీగా ఉన్న మాట కనుక కొత్త అర్థాన్ని మోయగలదు. పైగా సైన్సు పాఠంలో 'అనునాదం' ఉన్నది. ఒకే పౌనఃపున్యం గల రెండు శృతిదండాలలో ఒకదాన్ని మోగిస్తే, రెండవది ఎవరూ కొట్టకుండానే మోగుతుంది. అయినా అవి రెండు దండాలే.

ఇది మాటల కసరత్తు అనుకోకండి. చాలా ఏళ్ళ క్రితం మా తరగతిలో ఒక పిల్లవాడికి తండ్రి పోయాడు. వాడు తిరిగి బడికి వచ్చిన రోజున అందరి ముందూ "పాపం, తండ్రి లేని పిల్లవాడు, వాణ్ణి ఎవరూ ఏమీ అనకండి" అన్నాను. మంచిమాటే అన్నాననుకున్నాను. వాడు తలదించుకున్నాడు. మర్నాటి నుండి వెనుక బల్లకు మారిపోయాడు. పాఠం అప్పజెప్పడానికి కూడా లేచేవాడు కాదు. మా సైన్సు మాస్టారు మాత్రం వాణ్ణి ఓదార్చలేదు. ప్రయోగశాల సామాను సర్దడానికి సాయంత్రాలు తోడు పిలిచేవారు. కొన్నాళ్ళకు వాడే నోరు విప్పి తండ్రి సంగతులు చెప్పుకున్నాడట.

నేను చూపినది జాలి అనీ, ఆయన చూపినది మరొకటనీ ఆనాడు నాకు తెలియలేదు. ఆ రెండవదానికి తెలుగులో ఒక పేరు స్థిరపడి ఉంటే, కనీసం నా పొరపాటును నేను ముందే గుర్తించేవాణ్ణేమో.

మీ ప్రాంతంలో ఈ భావానికి అచ్చతెలుగు మాట ఏదైనా వాడుకలో ఉంటే దయచేసి తెలియజేయండి. మా మనుమరాలికి ఇంకా జవాబు బాకీ ఉన్నాను.